రెండు రైలు దారుల మధ్య మిగిలిన గడ్డి

1957 జూలై 3న పొద్దున్నే రైలెక్కి చికాగోలో ఉద్యోగాలకు వెళ్లిన శివారు ఊళ్ల జనానికి సాయంత్రం ఇంటికి తిరిగి రావడానికి రైలు లేకుండా పోయింది. ‘చికాగో అరోరా అండ్ ఎల్జిన్’ అనే ఎలక్ట్రిక్ రైలు కంపెనీకి కోర్టు అనుమతి ఆ రోజే చేతికొచ్చింది. రాగానే, మధ్యాహ్నం వేళ, ప్రయాణికుల బండ్లన్నీ ఉన్నపళంగా ఆపేసింది. 1902 నుంచి నడిచిన రైలది. ఎక్స్‌ప్రెస్‌వే కట్టడానికి దాని దారిని అడ్డంగా కోసేయడంతో నగరం నడిబొడ్డుదాకా నేరుగా వెళ్లే వీలు 1953లోనే పోయింది. ఎక్కేవాళ్లు తగ్గారు, నష్టాలు పెరిగాయి. ఇంకో రెండేళ్లకు గూడ్సు బండ్లూ ఆగిపోయాయి. తర్వాత పట్టాలు పీకేశారు. ఊళ్లకు ఊళ్లను కలుపుతూ పోయే కంకర కట్ట ఒకటి మిగిలింది. దాని మీద ఏం కడదామా అని చూసేవాళ్లూ మిగిలారు.

అలా చూసినవాళ్లలో మే థీల్‌గార్డ్ వాట్స్ ఒకరు. అయితే ఆమె కట్టాలనుకున్నది ఏమీ లేదు. లైల్ ఊళ్లోని మార్టన్ ఆర్బొరేటం అనే చెట్ల తోటలో ప్రకృతి పాఠాలు చెప్పి రిటైరైన వృక్షశాస్త్రజ్ఞురాలు ఆమె. చికాగో విశ్వవిద్యాలయంలో హెన్రీ కౌల్స్ దగ్గర ఆవరణశాస్త్రం చదువుకుంది. ఒక నేలను చూసి దాని వెనకటి చరిత్ర ఎలా చదవాలో చెప్పే పుస్తకం కూడా రాసింది. ఇంగ్లండులో పొలాల మధ్య జనం నడిచే కాలిబాటలు చూసొచ్చాక, 1963 సెప్టెంబరులో చికాగో ట్రిబ్యూన్ పత్రికకు ఆమె ఒక ఉత్తరం రాసింది: ఈ పాత రైలు దారిని నడిచేవాళ్లకు వదిలేయండి, ఆలస్యం చేస్తే బుల్‌డోజర్లు వచ్చేస్తాయి అని. దాంతో ఊళ్లవాళ్లు కూడారు, కౌంటీ ఆఫీసుల చుట్టూ తిరిగారు. డ్యూపేజ్ కౌంటీ ఆ స్థలం కొని, 1966లో వాళ్ల స్వచ్ఛంద సంఘానికి లీజుకిచ్చింది. అదే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్. అమెరికాలో రైలు దారిని నడకబాటగా మార్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. విస్కాన్సిన్‌లో ఎల్రాయ్–స్పార్టా బాట కూడా ఆ దశకంలోదే. ఆ తర్వాత 1983లో, మూతపడ్డ రైలు దారుల్ని ముక్కలుగా అమ్ముకోకుండా బాటలుగా నిలిపి ఉంచేందుకు చట్టమే వచ్చింది.

బాట మొత్తం అరవై మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. చికాగో పడమటి శివార్ల నుంచి వీటన్ దాకా ఒకటే దారి. అక్కడ చీలి ఒక కొమ్మ అరోరాకు, ఇంకొకటి ఎల్జిన్ వైపుకు పోతుంది. చాలాచోట్ల నేల మీద సున్నపురాయి పొడి పరిచి ఉంటుంది. అరోరా, నేపర్‌విల్, వీటన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి 1980ల నుంచీ ఉంది. వేసవిలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు చీర కింద స్పోర్ట్స్ షూ, చొక్కా మీద స్వెట్టర్ వేసుకుని సాయంత్రాలు ఇలాంటి బాటల మీద కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి చెట్ల మీద అరిచే పిట్టల పేర్లు తెలియవు. ఈ అధ్యాయం ముఖ్యంగా వాళ్లకోసం.

ముందు నేల సంగతి. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒకప్పుడు రెండు కోట్ల ఇరవై లక్షల ఎకరాల గడ్డిమైదానం ఉండేది. దాన్నే ప్రెయిరీ అంటారు. ఈ గడ్డి బతుకంతా నేల కింద. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. కంపాస్ మొక్క వేరు నాలుగున్నర మీటర్ల దాకా పోగలదు. దాని ఆకులు అంచుల్ని ఉత్తర దక్షిణాలకు పెట్టి నిలువుగా నిలబడతాయి. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా ఆకు మీద నిండుగా పడతాయి, నడినెత్తి ఎండకు మాత్రం అంచే తగులుతుంది. నీరు పొదుపు. మంటొస్తే పైదంతా కాలిపోతుంది, మొలక మాత్రం మట్టిలో క్షేమం. నిజానికి మంట దానికి మేలే చేస్తుంది. ఎండుగడ్డి పోయి, నల్లబడ్డ నేల తొందరగా వేడెక్కుతుంది. నీడ పట్టే చెట్ల మొక్కలు మాడిపోతాయి.

మంటకు చావని ఆ గడ్డి నాగలికి చచ్చింది. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇల్లినాయ్‌లోనే ఉక్కు నాగలి చేశాడు. జిగట నల్లమట్టి దానికి అంటుకోదు. ఆ తర్వాత నూరేళ్లలోపే మైదానం మక్కజొన్న చేనైపోయింది. 1978 నాటికి రాష్ట్రమంతా గాలించి లెక్కవేస్తే చెక్కుచెదరని ప్రెయిరీ తేలింది 2,300 ఎకరాలు. అంటే పదివేల ఎకరాలకు ఒక ఎకరం.

ఆ ఒక్క ఎకరం దొరికిన చోట్లు తమాషాగా ఉంటాయి. పాత శ్మశానాలు, దున్నడానికి పనికిరాని గుట్టలు, రైలు పట్టాల పక్కన కంచె లోపలి స్థలాలు. రైలు కంపెనీ తన హద్దులో ఎవర్నీ దున్ననివ్వలేదు. ఆవిరి ఇంజన్ల నిప్పురవ్వలు పడి గడ్డి అప్పుడప్పుడూ కాలేది. ట్రాక్ కూలీలే తుప్పలు పెరగకుండా కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. ప్రెయిరీని కాపాడాలని వాళ్లకేమీ లేదు. చేసిన పని మాత్రం దానికి సరిగ్గా సరిపోయింది. ఎల్మ్‌హర్స్ట్ ఊళ్లో ప్రెయిరీ పాత్ పక్కనే సన్నగా పొడుగ్గా ఒక గడ్డిపట్టె ఉంది, గ్రేట్ వెస్టర్న్ ప్రెయిరీ అని. ఒకవైపు అరోరా–ఎల్జిన్ కంపెనీ పట్టాలు, ఇంకోవైపు చికాగో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ పట్టాలు. నడుమ ఇరుక్కున్న నేలలోకి ఏ ట్రాక్టరూ దిగలేదు. ఇప్పుడు రెండు కంపెనీలూ లేవు, రవ్వలూ లేవు. అందుకని ఊరి పార్కుల శాఖ పనిగట్టుకుని దాన్ని కాలుస్తుంది. చుట్టూ ఇళ్లు, ఆ నడుమ పనిగట్టుకుని పెట్టిన మంట! ఎన్ని ఏర్పాట్లు కావాలో ఆలోచించండి.

ఇక పిట్టలు. బాట మీద పది నిమిషాలు నడిచినా పిట్టలు బాగానే కనిపిస్తాయి. అడవిలో గంట తిరిగినా అన్ని కనపడవు. కారణం ఉంది. పాత రైలు దారి ఎక్కడికక్కడ రెండు రకాల నేలలు కలిసే అంచు. ఇటు చెట్లు, అటు పెరడు. ఇటు తుప్ప, అటు చెరువు గట్టు. పొలం చుట్టూ గట్టు మీద జీవం ఎక్కువగా ఉన్నట్టే, ఇక్కడా తిండి ఒకవైపు, గూడు ఇంకోవైపు దొరుకుతాయి. వేటజంతువుల యాజమాన్యంపై 1933లో రాసిన పుస్తకంలో ఆల్డో లియోపోల్డ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీన్ని గుర్తించి దానికి ‘అంచు ప్రభావం’ అని పేరు పెట్టాడు. చాలాకాలం దీన్ని వరంగానే లెక్కేశారు.

మేలో మొదట మీదపడేది రెడ్‌వింగ్డ్ బ్లాక్‌బర్డ్. మీదపడేది అంటే అక్షరాలా మీదపడేదే. మగది నిగనిగలాడే నలుపు. భుజాన ఎర్రటి పట్టీ, దాని కింద పసుపు అంచు. రెల్లు పొద మీదో వైరు మీదో కూర్చుని, ఒళ్లంతా ముందుకు వంచి, భుజాలు ఉబ్బించి ‘కాంక-రీ...’ అని గీరినట్టు అరుస్తుంది. అరిచేటప్పుడు ఆ ఎరుపు విచ్చుకుంటుంది, తర్వాత నల్ల ఈకల కింద దాక్కుంటుంది. 1970ల్లో శాస్త్రజ్ఞులు కొన్ని మగపిట్టల భుజాలకు నల్లరంగు వేసి వదిలారు. వాటిలో చాలా పిట్టలు తమ హద్దును నిలుపుకోలేకపోయాయి. ఎరుపు కనపడకపోతే పక్కవాడు లెక్కచేయడన్నమాట. ఒక మగదాని హద్దులో అయిదారు ఆడపిట్టలు, కొన్నిచోట్ల పది పదిహేను కూడా గూళ్లు పెడతాయి. అన్ని గూళ్లకు కాపలా కాయాల్సిన మగది మే, జూన్ నెలల్లో మనుషుల్ని కూడా వదలదు. ఎదురుగా రాదు, మనం దాటిపోయాక వెనక నుంచి వచ్చి తల మీద తన్నుతుంది. టోపీ పెట్టుకోండి, నిలబడకుండా ముందుకు సాగిపోండి. దాన్ని తిట్టుకోవడం అనవసరం.

నా దృష్టిలో ఈ బాట మీద గొప్ప పిట్ట మాత్రం ఇండిగో బంటింగ్. పిచ్చుకంత ఉంటుంది. చెట్టు చిటారు కొమ్మన కూర్చుని రెండేసి మాటలుగా పాడుతుంది. ఎండ వెనక నుంచి పడితే నల్లగా కనిపిస్తుంది. తల తిప్పి ఎండలోకి వచ్చిందా, ఒళ్లంతా నీలం. ఆ ఈకల్లో నీలి రంగు పదార్థం ఏమీ లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుగులో నీలాన్ని మాత్రమే వెనక్కి చిమ్ముతుంది. మన పాలపిట్ట రెక్కల నీలం కూడా ఇలా నిర్మాణం వల్ల వచ్చిందే. విజయదశమికి పాలపిట్టను చూసి దండం పెట్టే మనకు ఈ నీలం కొత్తేమీ కాదు.

బంటింగులు చలికాలం మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల్లో గడుపుతాయి. ప్రయాణం రాత్రిపూట. చీకట్లో దారెలా తెలుస్తుంది? 1960ల్లో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని పట్టుకెళ్లి ప్లానెటేరియంలో కృత్రిమ ఆకాశం కింద పెట్టాడు. పంజరం గరాటు ఆకారంలో ఉంటుంది. అడుగున సిరా దిండు, చుట్టూ ఏటవాలుగా తెల్ల కాగితం. వలస కాలం రాగానే పిట్టకు కుదురుండదు. ఎటు వెళ్లాలనుకుంటే అటువైపు కాగితం మీదకు ఎగిరెగిరి జారిపడుతుంది. పొద్దున్నే కాగితం తీసి చూస్తే సిరా అడుగులన్నీ ఒకవైపే ఉంటాయి. గోపురం మీద నక్షత్రాల్ని తిప్పేస్తే అడుగుల దిక్కూ తిరిగింది. ఆ తర్వాత ఎమ్లెన్ ఇంకా చిత్రమైన పని చేశాడు. పిల్లల్ని గూటినుంచి తెచ్చి పెంచి, వాటికి చూపించిన ఆకాశం ధ్రువ నక్షత్రం చుట్టూ కాక ఆర్ద్రా నక్షత్రం చుట్టూ తిరిగేలా ఏర్పాటు చేశాడు. వలస కాలం వచ్చేసరికి అవి ఆర్ద్ర ఉన్న దిక్కే ఉత్తరం అనుకుని దానికి వ్యతిరేక దిశలో ఎగరబోయాయి. పుట్టుకతో వచ్చింది నక్షత్రాల పటం కాదు, ఆకాశంలో కదలకుండా ఉన్న చోటేదో కనిపెట్టే గుణం. మొదటి వేసవిలో పిల్ల బంటింగు రాత్రిళ్లు పైకి చూసి నేర్చుకునే పాఠం అది. ప్రెయిరీ పాత్ పక్క తుప్పల్లో పుట్టిన పిల్లలు ఆ పాఠం చదవాల్సింది చికాగో దీపాల వెలుగు కమ్మిన ఆకాశంలో. దీపాల దెబ్బ ఎంతటిదో 2023 అక్టోబరు 5న కనిపించింది. వెలుగులకు దారితప్పిన వలస పిట్టలు దాదాపు వెయ్యి ఒక్క రాత్రిలో చికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న మెకార్మిక్ ప్లేస్ అనే భవనం అద్దాలకు కొట్టుకుని చచ్చాయి. తర్వాత ఆ అద్దాలకు చుక్కల ఫిల్మ్ అంటించారు. చావులు బాగా తగ్గాయి.

ఇప్పుడు అంచు గురించి అసలు మాట. 1978లో గేట్స్, గైసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మిషిగన్‌లో పొలం, అడవి కలిసే అంచుల్లో పిట్టగూళ్లు లెక్కపెట్టారు. అంచుకు దగ్గరయ్యేకొద్దీ గూళ్లు ఎక్కువయ్యాయి. కానీ ఒక్కో గూటినుంచి ఎగిరిపోయిన పిల్లలు తగ్గాయి. పిట్టకు మంచిచోటుగా తోచినదే దాని పాలిట ఉచ్చు. ఇక్కడ చూడ్డానికి ఎక్కువ దొరకడం వేరు, బతికి బయటపడటం వేరు. పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్ల పుస్తకంలో మొదటిదే నమోదవుతుంది.

ఉచ్చు బిగించేవాటిలో మొదటిది బ్రౌన్‌హెడెడ్ కౌబర్డ్. మగదానికి గోధుమరంగు తల, నల్లటి ఒళ్లు. ఒకప్పుడు అడవి దున్నల మందల వెంట తిరిగి, వాటి కాళ్ల కింద లేచే పురుగుల్ని తినేది. మంద ఒకచోట ఆగదు కనక గూట్లో కూర్చుని పొదగడం కుదరదు. మన కోయిల కాకి గూట్లో పెట్టినట్టు ఇది కనబడ్డ గూట్లోనల్లా గుడ్డు పెడుతుంది. కోయిలకు కాకి గూడుంటే చాలు. దీనికి రెండువందల పైచిలుకు జాతుల గూళ్లు పనికొస్తాయి. ఒక ఆడది ఒక్క సీజన్లో నలభై దాకా గుడ్లు పెట్టగలదు. దున్నలు పోయాయి. అడవిలో రైలుదారిలా కోసిన సన్నటి సందులు, పశువుల కొట్టాలు, పచ్చిక లాన్లు వచ్చాయి. కౌబర్డ్ బాటపక్కనున్న చెట్టు మీద కూర్చుని, ఏ పిట్ట గడ్డిపరక ముక్కున కరుచుకుని ఎటు దూరుతోందో కాపుకాస్తుంది.

గూటివాళ్ల జవాబు తలా ఒక రకం. అమెరికన్ రాబిన్ పరాయి గుడ్డును ముక్కుతో పట్టి విసిరేస్తుంది. యెల్లో వార్బ్లర్ ఆ గుడ్డు మీదే కొత్త అంతస్తు కట్టి మళ్లీ పెడుతుంది. గోల్డ్‌ఫించ్ ఏమీ చేయదు, చేయనక్కరలేదు. అది జూలైలో ముళ్లమొక్కల దూది విరిసేదాకా ఆగి గూడు కట్టి, పిల్లలకు పురుగులు కాక గింజలే పెడుతుంది. ఆ తిండితో కౌబర్డ్ పిల్ల మూడు రోజులకు మించి బతకడం అరుదు. మరి విసిరేయని పిట్టలు ఎందుకు విసిరేయవు? ఇల్లినాయ్ దక్షిణ కొసన చిత్తడి అడవుల్లో జెఫ్రీ హూవర్, స్కాట్ రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. ప్రొథొనొటరీ వార్బ్లర్ గూళ్లలోంచి కౌబర్డ్ గుడ్లను వాళ్లే తీసేశారు. అలా తీసిన గూళ్లలో 56 శాతం ధ్వంసమయ్యాయి. తీయని వాటిలో 6 శాతమే. తన గుడ్డు పోయిందని చూసుకున్న కౌబర్డ్ వచ్చి మిగతావి పగలగొడుతోందన్నమాట. దీన్ని ఆ శాస్త్రజ్ఞులే మాఫియా తీరు అన్నారు. అందులో తప్పేం కనపడదు నాకు. అలాగని దాన్ని దుర్మార్గుడిగా చూడ్డం కూడా సరికాదు. అది దున్నల వెంట గడ్డినేలలో నేర్చుకున్న జీవనం. మనం అంచులు కోసి దానికి అలుసిచ్చాం.

రెండో ఉచ్చు ఒక తుప్ప. బక్‌థార్న్. యూరప్ నుంచి కంచెల కోసం తెచ్చారు. అందరికంటే ముందు చిగురిస్తుంది, అందరికంటే ఆలస్యంగా ఆకు రాలుస్తుంది, కింద ఏదీ మొలవనివ్వదు. నల్లటి పళ్లు పిట్టలు తింటాయి, రెట్టలతో గింజలు బాట పొడుగునా చల్లుతాయి. పచ్చగా దట్టంగా ఉంది కదా అని రాబిన్లు దాంట్లో గూడు పెడతాయి. చికాగో ప్రాంతపు అడవిలో ష్మిట్, వేలన్ అనే శాస్త్రజ్ఞులు చేసిన అధ్యయనంలో, దేశీ చెట్ల మీద కంటే ఈ విదేశీ తుప్పల్లో పెట్టిన గూళ్లు శత్రువుల పాలబడటం ఎక్కువని 1999లో తేలింది. కొమ్మలు గూటికి అనువుగా, కానీ నేలకు తక్కువ ఎత్తులో ఉంటాయి. స్థానిక హాథార్న్ చెట్టుకుండే ముళ్ల కాపలా లేదు. గూళ్లు దోచే రకూన్ అనే జంతువుకు చేతికందినట్టే. బాట పక్కన స్వచ్ఛంద కార్యకర్తలు రంపాలతో పచ్చటి తుప్పల్ని నరుకుతుంటే కొత్తగా చూసినవాళ్లు అయ్యో అనుకుంటారు. వాళ్లు చేస్తున్నది పిట్టలకు మేలే.

ఇంకోపక్క, అసలు ప్రెయిరీ పిట్టలు ఈ బాట మీద గూళ్లు పెట్టవు. బాబొలింక్, మెడోలార్క్, హెన్స్‌లో స్పారో వంటివాటికి చెట్టు అనేది చుట్టుపక్కల ఎక్కడా కనపడకూడదు. చెట్టుంటే దాని మీద డేగ ఉంటుంది. ఎకరాలకు ఎకరాలు తెరిపి కావాలి. రెండు రైలు దారుల మధ్య సన్నటి పట్టె మొక్కల్ని, తేనెటీగల్ని, సీతాకోకచిలుకల్ని కాపాడగలిగింది కానీ ఈ పిట్టల్ని కాపాడలేకపోయింది. ప్రెయిరీ పాత్ అని పేరుంది కనక ప్రెయిరీ మొత్తం దక్కిందనుకోకూడదు.

మనకు బాగా తెలిసిన పిట్టొకటి ఇక్కడ నిందితుల జాబితాలో ఉంటుంది. మన ఊరి పిచ్చుక. 1850ల మొదట్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, దేశమంతా పాకింది. బ్లూబర్డ్ అనే స్థానిక పిట్టల గూళ్ల కోసం పెట్టిన చెక్కపెట్టెల్లో దూరి వాటి గుడ్లను పొడిచేస్తుంది. వరికంకులు వేలాడదీసి పిచ్చుకను ఇంట్లోకి పిలిచే మనకు, దాని గూడు పీకి పారేయమనే ఇక్కడి సలహా మింగుడుపడదు. రెండూ వాటి వాటి చోట సరైనవే.

2024 మే నెలాఖరున బాట పొడుగునా చెట్లు హోరెత్తాయి. పదిహేడేళ్లు మట్టిలో వేళ్ల రసం పీలుస్తూ గడిపిన ఈలపురుగులు ఒక్కసారిగా పైకొచ్చాయి. పదమూడో సంతతి అంటారు వీటిని. మళ్లీ వచ్చేది 2041లో. పాత చెట్లున్న చోట కాలు పెడితే కరకరమన్నాయి. కొత్త కాలనీల్లో ఒక్కటీ లేదు. ఇళ్లు కట్టేటప్పుడు చెట్లు కొట్టి పైమట్టి లేపేస్తే మట్టిలోని పిల్లపురుగులూ పోతాయి. నేలను ఎవరు ఎక్కడ కదిలించలేదో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన సర్వే ఉండదు. పాత రైలు హద్దు ఆ సర్వేలో బాగానే నెగ్గింది.

జంతువుల్లో కయోట్‌ల సంగతి ఒకటి చెప్పాలి. నక్కకంటే పెద్దది, తోడేలుకంటే చిన్నది. చికాగో పక్కన స్టాన్లీ గెర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 2000 నుంచి వీటికి రేడియో పట్టీలు కట్టి వెంటాడుతున్నాడు. నగరంలోనే పిల్లల్ని పెడుతూ, రైలు దారులు, కాలవ గట్ల వెంట రాత్రిపూట తిరుగుతూ, ఎక్కువగా ఎలుకజాతి జంతువుల్ని, కుందేళ్లను తిని బతుకుతున్నాయని తేలింది. తెల్లవారుజామున ఎదురైతే పరుగెత్తకండి. చేతులెత్తి గట్టిగా అరిస్తే అదే పోతుంది. తిండి మాత్రం పెట్టకండి.

పిట్టల్ని చూడ్డానికైతే మే రెండో వారం నుంచి రోజూ పొద్దున్నే వెళ్లడం మంచిది. దక్షిణం నుంచి వచ్చే వార్బ్లర్లు ఆకులు ముదరకముందే కనిపిస్తాయి. బంటింగు జూలైలోనూ పాడుతుంది, ఎండెక్కాక కూడా. ఆగస్టులో కప్ మొక్క దగ్గర ఆగండి. కాండాన్ని చుట్టి దోసిలిలా కలిసిన దాని ఆకుల్లో వాననీళ్లు నిలుస్తాయి, గోల్డ్‌ఫించులు వచ్చి తాగుతాయి. జూన్, జూలైల్లో ఎప్పుడైనా చిన్న పిట్టొకటి తనకు రెండింతలున్న పిల్లకు నోట్లో పురుగులు కుక్కుతూ కనబడితే ఆ పిల్ల ఎవరిదో మీకిప్పుడు తెలుసు. గడ్డిలోకి దిగి ఫోటో తీయాలనుకుంటే ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, మెడ కింద పిడుదులున్నాయేమో వెతుక్కోండి. ఇక్కడి జింక పిడుదు కరిస్తే లైమ్ వ్యాధి రావచ్చు.